గరుత్మంతుడి మూడో ముక్కు

మా ఇంట్లో అన్నం తినే బల్ల మీదికి ఒకరోజు పొద్దున్నే ఒక రాతి ముక్కు వచ్చి కూర్చుంది. పిడికెడంత ఉంది, కొన వంకీ తిరిగింది. దీనికి ముందు పోయిన ముక్కు గోనె సంచిలో ఉందంట. అది రెండు తునకలైంది కాబట్టి బయటికి తీయలేదు. తెచ్చినాయన ఆళ్లగడ్డ శిల్పి. మా నాయన దగ్గర బళ్లో లెక్కలు చదువుకున్న మనిషి, నాకు చిన్నప్పటి నుంచి అన్న. నంద్యాల వస్తే మా ఇంటికి రాకుండా పోడు. రెండు జామకాయలో, మొక్కజొన్న కంకులో తెస్తాడు. ముక్కు తేవడం మాత్రం అదే మొదలు.

"గరుత్మంతునిది పాపా," అన్నాడు. "మిషన్ తినేసింది. రెండు నెలల్లో ఇది రెండోది."

మాది చర్చి కుటుంబం. ఇంట్లో బొమ్మ అనేది లేదు, గోడ మీద ఒక వాక్యం రాసిన క్యాలెండరు తప్ప. అట్లాంటి ఇంట్లో ఉగ్గాని గిన్నె పక్కన గరుత్మంతుడి ముక్కు పెట్టుకుని మా నాయన కళ్లజోడు తగిలించుకుని తిప్పి తిప్పి చూస్తాండాడు. తినబోయే ముందు ప్రార్థన చేయాల కదా. కళ్లు మూసుకుని, ఇచ్చిన ఆహారానికి వందనాలు చెప్పి, ఆమెన్ అనబోయి ఆగి, "ఈ ముక్కు సంగతి కూడా కొంచెం చూడు ప్రభువా" అని కలిపినాడు. నాకు నవ్వు ఆగలేదు. శిల్పి మాత్రం భక్తిగా ఆమెన్ అన్నాడు, పాపం.

ఆయన వెంట కూతురు కూడా వచ్చింది. ఇరవై ఆరేళ్ల పిల్ల. నంద్యాలలో డిగ్రీ చదివింది. వాళ్ల పనికొట్టంలో ఆడపిల్లలు క్యారియరు తేవడం వరకే, రాయి మీద చెయ్యి వేసే అలవాటు లేదు. రాయి చెక్కే కంప్యూటర్ మిషన్ వచ్చినాక ఈ పిల్లకు అందులో ఒక చోటు దొరికింది. ఎందుకంటే అక్కడున్న నలుగురు పనివాళ్లలో ఒక్కరు కూడా ఆ కంప్యూటర్ ముట్టుకోవడానికి ఒప్పుకోలేదు. ఈమె తెర మీద గరుత్మంతుణ్ణి గీస్తుంది, మిషన్ రాయిని ముతకగా కోస్తుంది, ఆ తర్వాత ఉలితో నున్నగా తేల్చేది మగవాళ్లు. స్టూలు మీద కూర్చుని చేసే పనైనా, ఆ పిల్లకు ప్రాణం.

"ఈ పిల్ల ఏందో తప్పు నొక్కింది," అన్నాడు శిల్పి, ఆ పిల్ల ఎదురుగానే. "మూడో రాయి ఎంచి పెట్టినా. దాని ముక్కు గూడా పోయిందంటే మిషన్ వాపసు. ఈమెను డోన్‌లో మా బావమరిది చూసిన ఆఫీసులో కూచోబెడతా. రాయి సంగతి మాకు తెలుసు, మేం చూసుకుంటాం."

ఆ పిల్ల ఉగ్గానిలో ఉల్లిపాయలు పక్కకు తీస్తా కూర్చుంది. నాకు ఆయన మీద కోపం వచ్చింది, కానీ అన్నం తినే మనిషిని ఏమంటాం.

ఇంతకీ ఆ ముక్కు నా దగ్గరికి ఎందుకొచ్చిందో చెప్పాల. నేను చేసే పనిని మా వీధిలో ఎవరికీ సరిగ్గా చెప్పలేకపోయినాను. కంప్యూటర్‌లో మనకు కనపడే బొమ్మలు, అక్షరాలు, అన్నిటికీ అడుగున కెర్నల్ అని ఒకటి ఉంటుంది. ఏ ప్రోగ్రాముకు ఎంత మెమరీ ఇవ్వాల, ఎప్పుడు వెనక్కి తీసుకోవాల, వైరుతో తగిలించిన వస్తువుతో ఎట్లా మాట్లాడాల, ఇదంతా అదే చూసుకుంటుంది. నేను పని చేసే కెర్నల్‌ను లోకంలో ఎక్కడెక్కడి వాళ్లో కలిసి రాస్తారు. అందులో మెమరీ తప్పులు వెతికి బాగుచేయడం నా ఉద్యోగం. నంద్యాలలో, మా ఇంటి ముందరి గదిలో, మా నాయన పాత టేబుల్ మీద చేస్తాను.

మెమరీ తప్పంటే ఏందని మా నాయన ఒకసారి పట్టుబట్టి అడిగినాడు. లెక్కల సారు, అర్థం కాకపోతే వదలడు. అప్పుడు బస్సు కత చెప్పినాను. నంద్యాల నుంచి ఆళ్లగడ్డ పోయే బస్సులో ఒకాయన కిటికీ సీట్లో కూర్చున్నాడు. శిరివెళ్లలో టీకి దిగినాడు. దిగిపోయినాడులే అనుకుని కండక్టరు ఆ సీటు ఒక ముసలామెకు ఇచ్చినాడు. ఈయన టీ తాగి వచ్చి, నా సీటే కదా అని, చూడకుండా కూర్చున్నాడు. ముసలామె ఒళ్లో. వెనక్కి ఇచ్చేసిన మెమరీని ఇంకా నాదే అనుకుని వాడితే జరిగేది అదే. మా నాయన కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వినాడు. అప్పటి నుంచి పొద్దున నేను టేబుల్ కాడ కూర్చుంటే చాలు, "ఏమ్మే, ఈరోజు ఎవరు ఎవరి ఒళ్లో కూచున్నారు?" అని అడుగుతాడు.

శిల్పి మిషన్ పక్కన ఉండే చిన్న కంప్యూటర్‌లో కూడా నడిచేది ఆ కెర్నలే. కాబట్టి మా నాయనే కబురు చేసి పిలిపించినాడన్నమాట, మా పాప చూస్తుందిలే అని. నన్ను ఒక మాట అడగలేదు. ఇంటికొచ్చిన ప్రతి టీవీ రిమోట్ కూడా నేనే బాగుచేయాలని అనుకుంటాడు.

తిన్న గిన్నెలు తీసుకుని నేను వంటింట్లోకి పోతే ఆ పిల్ల వెనకాలే వచ్చింది. తలుపు కాడ నిలబడి, గొంతు తగ్గించి చెప్పింది.

"నేనేం నొక్కలేదక్కా. కరెంటు పోయినప్పుడు ముక్కు పోలే. వచ్చినాక, కొంచేపటికి పోయింది. రెండుసార్లూ అంతే."

చేతి సంచిలోంచి ఒక చిన్న నోటుబుక్కు తీసింది. కరెంటు పోయిన వేళ, జెనరేటర్ లాగిన వేళ, మిషన్ మళ్లా మొదలుపెట్టిన వేళ, ముక్కు విరిగిన వేళ, అన్నీ రాసుకుంది. నాకు వచ్చే ఫిర్యాదుల్లో సగం "పని చేయడం లేదు" అనే రెండు ముక్కలతో వస్తాయి. పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్లు రాసినవి. ఈ పిల్ల నోటుబుక్కు చూసి నేను తడి చేతులతోనే ఆమెను పట్టుకుని ఊపేసినాను. అబ్బ, ఎంత సంతోషమనుకున్నారు! తప్పు ఎక్కడుందో సగం చెప్పేసింది.

కరెంటు పోతే కంప్యూటర్‌కు బ్యాటరీ ఉంది, అది ఆగదు. మిషన్‌ను నడిపే పెట్టె ఒకటి ఉంటుంది, వైరుకు అవతలి కొసన. అది ఒక క్షణం చచ్చి, జెనరేటర్ రాగానే మళ్లా బతుకుతుంది. కంప్యూటర్ చూపుకు ఆ పెట్టె మాయమై మళ్లా ప్రత్యక్షమైనట్టు. ఆ పెట్టెతో మాట్లాడే కెర్నల్ భాగాన్ని డ్రైవరు అంటారు. బస్సులో కండక్టరు అయిపోయినాడు, ఇప్పుడు డ్రైవరు వచ్చినాడా అన్నాడు నాయన. నేను పట్టించుకోలేదు.

మిషన్‌తో పాటు వచ్చిన అదనపు పెట్టె వాళ్ల దగ్గర ఉంటే, అది మా ఇంటికి పంపించినారు. నేను నా కంప్యూటర్‌లో కాపలా ఉన్న కెర్నల్ పెట్టినాను. వెనక్కి ఇచ్చేసిన మెమరీని ఎవరైనా ముట్టుకుంటే అది అక్కడికక్కడ అరిచి గోల చేస్తుంది, ఎవరు ముట్టుకున్నారో, ఎవరు ఎప్పుడు వెనక్కి ఇచ్చినారో పేరుపేరునా చెబుతుంది. ఇంక చేయాల్సిందల్లా వైరు పీకడం, పెట్టడం, పీకడం, పెట్టడం. దానంతట అదే పీకి పెట్టే ఏర్పాటు చేయొచ్చు, ఒక గంట పని. ఆ మాట చెబుదామని తిరిగి చూస్తే నాయన చొక్కా చేతులు పైకి మడిచి, పాత లెక్కల పుస్తకం ఒకటి ముందర పెట్టుకుని, పెన్సిలు చెవి మీద పెట్టుకుని కుర్చీ లాక్కుంటాండాడు. ఇంక నేనేం చెప్పలేదు.

పీకినప్పుడల్లా ఒక గీత. ఐదు గీతలకు ఒక అడ్డగీత. మధ్యలో పేపరు చదివినాడు, కూరగాయలామెతో బేరమాడినాడు, చెయ్యి మాత్రం ఆపలేదు. రెండో రోజు మధ్యాహ్నం నేను పప్పు తాలింపు పెడతాంటే ముందరి గదిలోంచి "ఏమ్మే, ఇదేందో ఎర్రగా వస్తాంది" అన్నాడు. గరిటె పట్టుకునే పరుగెత్తినాను. తెర నిండా అరుపులు. దొరికింది. నాలుగు వందల పన్నెండో గీత కాడ దొరికింది.

పడిందా అని అడిగినాడు. పడింది నాయనా అన్నాను. "స్తోత్రం" అని లేచి పోయి ఇద్దరికీ టీ పెట్టుకొచ్చినాడు. తాలింపు మాడిపోయింది. ఆ పూట మాడిన పప్పు తిని కూడా ఇద్దరం నవ్వుకుంటానే ఉన్నాం.

సంగతి ఏందంటే, డ్రైవరు లోపల ఒక చిన్న గడియారం ఉంది. పెట్టె బతికే ఉందా అని కొంచేపటికి ఒకసారి మోగి, చూసి, ఒక అంకె రాసిపెట్టడం దాని పని. పెట్టె మాయమైతే డ్రైవరు తన మెమరీని వెనక్కి ఇచ్చేసి పోతుంది. గడియారానికి ఆ కబురు ఎవరూ చెప్పలేదు. అది తన వేళకు తాను మోగి, పాత అడ్రసుకే పోయి రాస్తుంది. ఆలోపల ఆ మెమరీలోకి వేరే వాళ్లు వచ్చేసినారు. మిషన్ ఉలి ఎక్కడెక్కడికి పోవాలో రాసుకున్న జాబితా దిగింది అందులోకి. ఆ జాబితాలో ఒక్క అంకె మారుతుంది. ఉలి బుగ్గ మీదికి పోవాల్సింది ముక్కులోకి దిగుతుంది.

కనిపెట్టిన సంబరంలో మందు కూడా తొందరగా వేసేసినాను. పెట్టె మాయమైనప్పుడు డ్రైవరు ఆ అడ్రసు రాసున్న చోటును చెరిపేసి పోవాల. తర్వాత వచ్చినవాళ్లు ఖాళీ చూసి వెనక్కి తిరుగుతారు. పది వరసలు. నాయన మళ్లా వెయ్యి గీతలు గీసినాడు, కాపలా నోరు మెదపలేదు. ఆ పది వరసలు కెర్నల్‌లో ఆ భాగం చూసుకునే పెద్దాయనకు పంపినాను. ఆయన ఎక్కడో దూర దేశంలో ఉంటాడు, ముఖం చూసిందీ లేదు. మాటలో మహా పిసినారి. మరుసటి రోజు జవాబొచ్చింది. అడ్రసు చెరిపేశావు, బాగుంది, ముందే చదివేసుకుని పోయినవాడి సంగతేంది, అని ఒకటే వాక్యం.

నాకు ఒళ్లు మండింది. వెయ్యిసార్లు పరీక్షించినాను, మా నాయన వేలు కాయ కాసింది, ఈయన కుర్చీలో కూర్చుని ఒక్క వాక్యం పారేస్తాడా! బట్టలు ఆరేస్తా తిట్టుకున్నాను, కూర తరుగుతా తిట్టుకున్నాను. నాలుగు పేరాల జవాబు కూడా రాసినాను. నా అదృష్టం బాగుండి పంపలేదు. ముందు ఆళ్లగడ్డ మిషన్‌లో పెట్టి చూపిద్దాం, అప్పుడు పంపుదాం అనుకున్నాను. ఆ పిల్లకు ఫోన్‌లో చెప్పి ఎక్కించి, పనికిరాని రాయి మీద నడపమన్నాను.

శుక్రవారం సాయంత్రం ఆ పిల్ల ఫోన్ చేసింది. వట్టి రాయి మీదే అయినా, కరెంటు వచ్చినాక ఉలి మళ్లా పక్కకు దిగిందంట. ఇంకా వాళ్ల నాయనకు చెప్పలేదంట. ఆదివారం నాడు మూడో రాయి ఎక్కిస్తామని అందరికీ చెప్పేసినాడంట. ఏడవలేదు, కానీ ఆ గొంతు వినలేకపోయినాను. తప్పు నాది, డోన్ పోయేది ఆమె.

ఆదివారం ఆరాధన అయిపోగానే తెల్లచీరతోనే, నాయనను వెంటబెట్టుకుని బస్సెక్కినాను. రాయి ఎక్కించొద్దని కాళ్లావేళ్లా పడి అయినా ఆపాల. శిరివెళ్లలో ఒకాయన టీకి దిగితే మా నాయన మోచేత్తో నన్ను పొడిచి కన్ను గీటినాడు. ఇంకో రోజైతే నవ్వేదాన్ని.

మేం పోయేసరికి పనివాళ్లు ఒక్కొక్కరే అన్నానికి లేస్తాండారు. కొట్టం నడిమిట్లో మనిషంత ద్వారపాలకుణ్ణి పడుకోబెట్టినారు, పూర్తిగా చేత్తో చెక్కేది. శిల్పి లోపల ఎవరితోనో ఫోన్ మాట్లాడతాండాడు. నేను నిలబడి చూస్తాంటే ద్వారపాలకుడి మోచేతి మీద ఎర్రగా ఒక మరక కనపడింది. పనివాళ్లందరూ వక్కాకు నములుతారు. ఎవడో ఊసినాడు, దేవుని కాడ నిలబడే మనిషి మీద! నాకు మరక చూస్తే చేతులు ఊరికే ఉండవు, మా ఇంట్లో అందరికీ తెలుసు. బక్కెట్లో తడిగుడ్డ ఉంటే తీసి శుభ్రంగా తుడిచేసినాను. చేతి పనితనం బాగుందనుకుని కూడా ఒకసారి వెనక్కి జరిగి చూసుకున్నాను.

రెండు నిమిషాలకు ఇద్దరు గడ్డపారలు తీసుకొచ్చి ద్వారపాలకుడి కింద దూర్చినారు, పక్కకు దొర్లిద్దామని. రాయి కొంచెం కదిలింది. లోపల్నుంచి శిల్పి "ఆగండ్రా!" అని ఒక్క కేక పెట్టినాడు, ఫోన్ చేతిలో ఉండగానే పరుగెత్తుకొచ్చినాడు. మోచేయి చూసినాడు. జాజు యాడ పోయిందన్నాడు. అందరూ నా చేతిలో ఎర్రగుడ్డ చూసినారు.

"తుడిసింది నువ్వా? పెట్టినోడే తుడసాల. నువ్వెవరు తుడిసేదానికి?"

చిన్నప్పటి నుంచి పాపా అని తప్ప పిలవని మనిషి. నాకు తల తీసేసినట్టయింది. మా నాయన కూడా గొంతు సవరించుకుని పైకప్పు చూస్తా నిలబడినాడు.

అప్పుడు ఆ పిల్ల నన్ను పక్కకు తీసుకుపోయి చెప్పింది. అది వక్కాకు కాదు, జాజు. ఎర్రమట్టి నీళ్లల్లో కలిపి కొబ్బరిచిప్పలో పెట్టుకుంటారు. ఒక రాయి మీద నలుగురు పని చేస్తే, ఎవరి పని ఉన్నచోట వాళ్లు ఒక బొట్టు పెట్టుకుంటారు. అన్నానికి పోయినా, ఇంటికి పోయినా బొట్టు ఉంటుంది. పని అయిపోయినాక పెట్టిన మనిషే తుడుచుకుంటాడు. ఒక్క బొట్టు మిగిలున్నా ఆ రాయిని తిప్పరు, జరపరు. ఆఖరి బొట్టు పోయినాక ఇంక అడగాల్సిన పని లేదు, ఎవరైనా తిప్పొచ్చు. ఆ మోచేతి బొట్టు పెట్టినాయన చేతి కింద రాయి తొలిచేసి, ఆధారంగా చెక్కలు ఇంకా పెట్టకుండానే అన్నం తినొద్దామని పోయినాడు. దొర్లించి ఉంటే చెయ్యి ఊడి వచ్చేది. ఇన్నేళ్లుగా ఈ కొట్టానికి వస్తాండాను, ఎప్పుడూ నీడలో నిలబడి టీ తాగి పోయినాను కానీ ఇది నాకు తెలియదు.

సిగ్గుతో అక్కడున్న బండ మీద కూలబడినాను. ఎర్రగుడ్డ ఇంకా చేతిలోనే ఉంది. దాన్ని చూస్తా చూస్తా ఉంటే ఒక్కసారిగా నవ్వొచ్చింది. నాకు పిచ్చి పట్టిందనుకుంది ఆ పిల్ల. నేను కెర్నల్‌లో చేసింది కూడా ఇదే కదా! ఎవరెవరికి ఆ మెమరీతో పనుందో అడగకుండా, అడ్రసు చెరిపేసి, అంతా శుభ్రంగా ఉందని వెనక్కి జరిగి చూసుకున్నాను. అన్నానికి పోయినవాడి సంగతి నాకు పట్టలేదు. ఉలి ఇప్పుడు ఎక్కడుందో తెర మీద చూపించే ప్రోగ్రాము ఒకటి ఆళ్లగడ్డ కంప్యూటర్‌లో ఎప్పుడూ నడుస్తుంటుంది. మా ఇంట్లో అది లేదు, అందుకే నాయన వెయ్యి గీతలకు కూడా ఏమీ పడలేదు. చెరిపేలోపలే, ఆ ప్రోగ్రాము తరఫున డ్రైవరులో నడిచే పని ఒకటి ఆ అడ్రసు చదివేసుకుని ఉంటుంది, మళ్లా వచ్చి పాతచోట రాస్తుంది. దూరదేశం పెద్దాయన నన్ను అడిగిందే, శిల్పి ఇప్పుడు కేకపెట్టి అడిగినాడు.

దీనికి మందు కెర్నల్‌లో ఎప్పటినుంచో ఉంది, అది ఇంకా సిగ్గు. వాడుకునే ప్రతి ఒక్కరూ ఒక గుర్తు పెట్టుకోవాల, పనైనాక తన గుర్తు తానే తీసుకోవాల, ఆఖరి గుర్తు పోయినప్పుడే మెమరీ వెనక్కి ఇవ్వాల. ఇతరుల తప్పులు దిద్దేటప్పుడు ఈ మాట నేనే ఎన్నిసార్లు రాసినానో. నాదాకా వచ్చేసరికి పది వరసల్లో పని కానిచ్చేద్దామని అడ్డదారి తొక్కినాను.

సంచిలోంచి ల్యాప్‌టాప్ తీసి అక్కడే బండ మీద రాయడం మొదలుపెట్టినాను. తెల్లచీర నిండా రాతిపొడి. ఆ పిల్ల పక్కన కూర్చుంది. ప్రతి వరసా ఏందని అడుగుతాంది, నేను జాజు లెక్కన చెబుతాండాను. ఇది గడియారం పెట్టే బొట్టు, ఇది తెర తరఫున పెట్టే బొట్టు, పెట్టె మాయమైతే డ్రైవరు తన బొట్టు ఒక్కటి తుడుచుకుని పోతుంది. చివరిదాకా విని ఆ పిల్ల తల గోక్కుంది.

"అక్కా, పెట్టె పోతానే గడియారాన్ని ఆపేస్తాండావు గదా. అది మోగకముందే ఆపేస్తే, దాని బొట్టు ఎవరు తుడుస్తారు?"

ఎవరూ తుడవరు. ఆ రాయిని ఇంక జన్మలో ఎవరూ తిప్పలేరు. కరెంటు పోయినప్పుడల్లా కొంచెం కొంచెం మెమరీ అట్లే చిక్కుకుపోతుంది. పదిహేనేళ్లుగా ఇదే పని చేస్తాండే నాకు తట్టలేదు, కెర్నల్ అనే మాట పది రోజుల కిందట విన్న పిల్లకు తట్టింది. ఆమె బుగ్గ గిల్లినాను. గడియారాన్ని ఆపినవాళ్లే దాని బొట్టు తుడవాలని ఇంకో రెండు వరసలు కలిపినాను.

తర్వాత శిల్పి దగ్గరికి పోయి, మోచేతికి క్షమించమని, మూడో రాయికి నాలుగు రోజులు ఆగమని అడిగినాను. ఆయన కోపం అప్పటికే చల్లారింది, పెద్ద కేక పెట్టినందుకు ఆయనకే మొగమాటంగా ఉంది. గురువారం అన్నాడు. అంతకు మించి ఒక్క పూట కూడా ఆగనన్నాడు.

ఆ మూడు రోజులు మా ఇల్లు జాతరలా ఉండింది. ఈసారి తెర మీద చూపించే ప్రోగ్రాము కూడా నడిపించినాను. నాయన ఒక పుస్తకం అయిపోగొట్టి రెండోది మొదలుపెట్టినాడు. కుడిచెయ్యి నొప్పి పుడితే ఎడమచేత్తో పీకినాడు. ముందు నా పాత పది వరసలతో నడిపితే అరగంటలో కాపలా అరిచింది. కొత్తవాటితో నడిపితే ఎన్ని గీతలు పడినా కిమ్మనలేదు. మంగళవారం పొద్దున పెద్దాయనకు పంపినాను. అట్లా పంపేటప్పుడు అడుగున, తప్పు కనిపెట్టింది ఎవరు, దిద్దినదాన్ని పరీక్షించింది ఎవరు అని పేర్లు రాయడం మా పనిలో ఆచారం. కనిపెట్టిన చోట ఆ పిల్ల పేరు రాసినాను. పరీక్షించిన చోట నాయన పేరు రాసి చూపిస్తే, స్పెల్లింగు సరిచూసి, పెన్సిలు కింద పెట్టినాడు.

బుధవారం జవాబొచ్చింది. ఇప్పుడు సరిగ్గా ఉంది, తీసుకుంటున్నాను, అన్నాడు పెద్దాయన. ఆయన నోట్లోంచి అది పెళ్లిభోజనంతో సమానం. కనిపెట్టినామె బాగా రాసుకుంది, అని ఇంకో వాక్యం కూడా దానం చేసినాడు.

గురువారం పొద్దున్నే ఇద్దరం మళ్లా ఆళ్లగడ్డలో ఉన్నాం. మూడో రాయి మిషన్ మీద ఉంది. నీళ్లు చిమ్ముతా, కిర్రుమంటా ఉలి ముందు కిరీటం కోసింది, రెక్కల మీదికి దిగింది. పదకొండు గంటలకు కరెంటు పోయింది. ఎప్పుడూ తిట్టుకునే మేం, ఆ రోజు హమ్మయ్య అనుకున్నాం. ఒకాయన పోయి జెనరేటర్ లాగినాడు. ఆ పిల్ల స్టూలు మీద కూర్చుని, నుదుటి మీద చెమట తుడుచుకుని, మిషన్‌ను ఆగినచోటి నుంచి మొదలుపెట్టింది. భుజం అయింది. చెవి అయింది. పనివాళ్లు ఉలులు కింద పెట్టి వచ్చి చుట్టూ నిలబడినారు. శిల్పి చేతులు వెనక్కి కట్టుకుని, తెర వైపు చూడనే లేదు, రాయినే చూస్తాండాడు. బుగ్గ అయింది. ఉలి ముక్కు మీదికి వచ్చింది. ఆ పిల్ల చెయ్యి ఆపే మీట మీద ఉంది కానీ నొక్కలేదు. ఉలి ముక్కు దూలం వెంట దిగి, వంకీ తిరిగి, అవతలి బుగ్గ మీదికి నిమ్మళంగా వెళ్లిపోయింది.

శిల్పి మిషన్ ఆపించి రాయి దగ్గరికి పోయినాడు. బురదనీళ్లు అరచేత్తో తుడిచి, బొటనవేలితో ముక్కు ఇటు తడిమినాడు, అటు తడిమినాడు. మళ్లా ఇటు తడిమినాడు.

ఉంది, అన్నాడు.

మా నాయన గట్టిగా స్తోత్రం అన్నాడు. అదే క్షణంలో వెనక నుంచి ఒక పనివాడు గోవిందా అన్నాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని పగలబడి నవ్వినారు. నేను ఆ పిల్లను కౌగిలించుకున్నాను, మా ఇద్దరి ఒళ్లంతా రాతిబురద.

నేను ఫోన్‌లో కెర్నల్‌కు ఎక్కిన వరసలు తీసి, అడుగున కూతురి పేరు శిల్పికి చూపించినాను. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదివినాడు. దీన్ని ఎవరన్నా తుడిపేయొచ్చా అని అడిగినాడు. ఎవరూ తుడపలేరన్నా, అన్నాను. ఆయన తలూపి లోపలికి పోయి, జాజు ఉన్న కొబ్బరిచిప్ప తెచ్చి కూతురి ముందర పెట్టినాడు. నీ పని ఇంకేమైనా ఉందా ఈ రాయి మీద అని అడిగినాడు. ఎడమ రెక్క ఈకలు ఉన్నాయి నాయనా అంది ఆ పిల్ల. అయితే పెట్టుకో అన్నాడు. ఆమె వేలు ముంచి రెక్క మీద బొట్టు పెట్టింది. కొంచెం పెద్దదిగానే పడింది. ఆ రాయి మీద, ఆ కొట్టంలో ఏ రాయి మీదైనా, అది ఆమె మొదటి బొట్టు.

తర్వాత ఆమె మా అందరికీ అన్నం తేవడానికి ఇంటికి పోయింది. కుడి రెక్క వైపు చేతిపని మొదలుపెట్టాలని ఇద్దరు గడ్డపారలు తీసుకొచ్చినారు, రాయిని తిప్పడానికి. ఎడమ రెక్క మీద బొట్టు చూసి ఆగినారు. శిల్పి ముఖం చూసినారు. ఆయన యజమాని, పైగా కన్నతండ్రి, ఒక్క తుడుపు తుడిస్తే అడిగేవాళ్లెవరు? ఆయన తలకున్న తువాలు తీసి బండ మీద పరిచి కూర్చున్నాడు. వాళ్లిద్దరూ గడ్డపారలు గోడకు ఆనించి ఆయన పక్కన కూర్చున్నారు. మిగిలిన ఇద్దరూ వచ్చి కూర్చున్నారు. మా నాయన కూడా కూర్చున్నాడు. ఎండ నడినెత్తికి వచ్చింది, ఆకలి దంచుతాంది, ఎవరూ కదలలేదు.

ఆ పిల్ల క్యారియరు పట్టుకుని వచ్చి, ఇంతమంది రాయి ముందర పని మానుకుని కూర్చుని ఉండటం చూసి గుమ్మం కాడే నిలబడిపోయింది. ఆమె చూపు ముందు ముక్కు మీదికి పోయింది. ముక్కు ఉంది.

"ఏమైంది నాయనా?"

"నీ బొట్టు ఉంది గదమ్మా," అన్నాడు శిల్పి. "అందుకే కూచున్నాం."